ఆ ఆదివారం పాట

గుండ్లమిట్ట,
జూన్ 18.

సౌభాగ్యమ్మ అమ్మగారికి, ప్రభువు నామంలో కృపారాణి వందనాలు.

మీరు నన్ను ఎరగరు. మీరు ఖాళీ చేసి వెళ్ళిన గుడి ఇంట్లోకి కొత్తగా వచ్చిన పాస్టరు శ్యాంసన్ గారి భార్యను. మీతో ఫోన్‌లో మాట్లాడదామని నంబరు అడిగితే కరీముల్లా అన్న నవ్వాడు. "అమ్మగారికి చెవులు బొత్తిగా పోయినాయి చెల్లెమ్మా. ఫోన్ చేస్తే హలో హలో అంటానే ఉంటది. కాగితం రాయి, నేను ఇచ్చొస్తా" అన్నాడు. కంభంలో తన గాజుల దుకాణానికి సరుకు తెచ్చుకోవడానికి వారం వారం మార్కాపురం వస్తాడట కదా. అందుకే ఈ ఉత్తరం. బడి మానేశాక నేను ఉత్తరం రాయడం ఇదే మొదలు.

అమ్మగారూ, ఈ ఇంట్లో ఏ మూల చూసినా మీరే ఉన్నారు. నేను పప్పులో చింతపండు వేస్తే "సౌభాగ్యమ్మ అమ్మగారైతే మామిడికాయ ఏసేది" అంటారు. ముగ్గు చిన్నది వేస్తే "అమ్మగారైతే గేటు దాకా ఏసేది" అంటారు. కోపం రాలేదు లెండి, నవ్వొస్తోంది. రెండు సంగతులు మాత్రం మీరే చెప్పాలి. తాగే నీళ్ళు ఎక్కడి నుంచి తెచ్చుకునేవారు? వెనక తలుపు గడియ ఎందుకు పడదు?

నాకు ఇప్పుడు ఐదో నెల. తొలిచూలు. మా అమ్మ లేదు, అత్తగారు కనిగిరిలో ఉంటారు. ఈయన ప్రసంగం వినడానికి పక్క ఊళ్ళ నుంచి కూడా వస్తున్నారు. ఇంట్లో దిగిన రోజు ప్రతి గుమ్మానికీ నూనె రాసి ప్రార్థించారు. "దేవుని పని చేసేటోళ్ళ గడప లోపలికి కీడు రాదు కృపా, రాసి పెట్టుకో" అన్నారు. ఆ మాట వింటే ధైర్యంగా ఉంటుంది.

మీ ప్రార్థనల్లో మమ్మల్ని తలుచుకోండి.

కృపారాణి

*

మార్కాపురం,
జూన్ 29.

అమ్మాయి కృపారాణికి, సౌభాగ్యమ్మ దీవెనలు.

నీ ఉత్తరం దిండు కింద పెట్టుకుని తీసి తీసి చదువుతున్నాను. నాకు ఎవరూ రాయరు. మాట్లాడాలంటే ఎదురుగా నిలబడి అరుస్తారు. అరవడానికి ఓపిక లేనివాళ్ళు మాట్లాడటమే మానేస్తారు.

బోరు నీళ్ళు ముట్టుకోవద్దు. మన వైపు ఆ నీళ్ళు తాగి కాళ్ళు వంకరపోయినవాళ్ళను చూశావు కదా. కడుపుతో ఉన్నదానివి. గంగయ్య రోజూ పొద్దున కంభం నుంచి మంచినీళ్ళ క్యాను సైకిల్ మీద తెస్తాడు, మీకూ ఒకటి తెమ్మను. వెనక తలుపును కొంచెం పైకెత్తి నెడితే గడియ పడుతుంది. ఆడవాళ్ళ మాటలకు నొచ్చుకోకు. నేను వచ్చిన కొత్తలో నాకంటే ముందున్న అమ్మగారి గొప్ప చెప్పి నన్నూ అట్లాగే చంపారు. నీ తర్వాత వచ్చేదానికి నీ పప్పు గురించి చెబుతారు, చూస్తూ ఉండు.

నేను ఇక్కడ ఆడపిల్లల హాస్టలు వెనక గదిలో ఉంటున్నాను. మా ఆయన రాజరత్నం అయ్యగారు పోయాక సంఘం పెద్దలు ఇల్లు ఖాళీ చేయడానికి గడువిచ్చారు. అది న్యాయమే, పాస్టరు ఇల్లు పాస్టరుదే. పొద్దున హాస్టలుకు కూరగాయలు తరిగి పెడతాను. పిల్లలు చేతులతో సైగలు చేసి కబుర్లు చెబుతారు.

ఆస్పత్రికి ప్రతి నెలా పో. ఏ కాస్త తేడాగా ఉన్నా ఆలస్యం చేయకు. ప్రార్థన చేసుకుంటూనే ఆటో ఎక్కు.

ఒక చిన్న పని. గుడి వెనక మూల గడ్డి పెరిగి ఉంటుంది. ఎవరితోనైనా కోయించు.

సౌభాగ్యమ్మ

*

గుండ్లమిట్ట,
ఆగస్టు 27.

అమ్మగారికి వందనాలు.

గడ్డి కోయించాను. కోశాక ఒక రాయి బయటపడింది. దాని మీద 'ఏబేలు' అని ఉంది. గంగయ్య మామ భార్య మార్తమ్మత్తను అడిగితే మీ కొడుకని చెప్పింది. పదహారేళ్ళకే జ్వరంతో పోయాడని చెప్పింది. నాకు తెలియదు అమ్మగారూ. తెలిసి ఉంటే నా చేతులతోనే కోసేదాన్ని.

ఇంకో మాట కూడా చెప్పింది. శనివారం సాయంత్రం ఏబేలును మట్టిలో పెట్టి, మరునాడు ఆదివారం పొద్దున మీరు గుడికి వచ్చి నిలబడి పాట ఎత్తారట. "అట్టాంటి ఇస్వాసం మేం యాడా చూడలే" అని కళ్ళు తుడుచుకుంది. నేను ఈయనకు చెప్పాను. ఈయన పోయిన ఆదివారం దాని మీదే ప్రసంగం చేశారు. అట్లా స్తుతించినవాళ్ళకు దేవుడు ఎంత తిరిగి ఇస్తాడో అన్నారు. గుడి అంతా ఏడ్చింది.

ఎట్లా పాడగలిగారు అమ్మగారూ? నాకు ఒక్కసారి రాయండి. నేను రోజూ పొద్దున మోకాళ్ళ మీద ఉండి పేరు పేరునా అడుగుతాను. బిడ్డ అవయవాలు బాగుండాలి, కాన్పు తేలికగా కావాలి, ఈయనకు పెద్ద సంఘం రావాలి, మాకంటూ ఒక సొంత ఇల్లు ఉండాలి. చివర్లో మీలాంటి విశ్వాసం కూడా ఇవ్వమని అడుగుతున్నాను. ఈయనేమో "గట్టిగా పట్టుకుంటే ఇయ్యక యాడికి పోతాడు" అంటారు.

బిడ్డ బాగా తంతున్నాడు. వాక్యం చదివేటప్పుడు మరీ ఎక్కువ.

కృపారాణి

*

మార్కాపురం,
సెప్టెంబరు 10.

అమ్మాయి కృపకు,

గడ్డి కోయించినందుకు సంతోషం.

పాట సంగతి ఇంకెప్పుడైనా.

నా పాత నూలు చీరలు చింపి, ఉడకబెట్టి ఉతికి, కరీముల్లాతో పంపుతున్నాను. పసిబిడ్డకు కొత్త గుడ్డ గుచ్చుకుంటుంది, ఇవి మెత్తగా ఉంటాయి. కాన్పుకు కాస్త ముందే ఇక్కడికి వచ్చి నా గదిలో ఉండు. మంచం నీకిస్తాను. ఆస్పత్రి నడిచి వెళ్ళే దూరం. మీ ఆయనకు నా మాటగా చెప్పు.

సౌభాగ్యమ్మ

*

గుండ్లమిట్ట,
నవంబరు 5.

గౌరవనీయులైన సౌభాగ్యమ్మ అమ్మగారికి,
పాస్టరు శ్యాంసన్ వ్రాయునది. మన ప్రభువు నామమున శుభములు.

దుఃఖకరమైన వార్త తెలియజేయుచున్నాను. మాకు మగబిడ్డ పుట్టినాడు గాని దక్కలేదు. ఆయన చిత్తమేమో మాకు అర్థం కాలేదు.

కృప ఇంటికి వచ్చింది. ఎవరితోనూ మాట్లాడదు, ప్రార్థన చేయదు, గుడికి రాదు. సంఘమంతా చూచుచున్నది. సేవకుని భార్య ఇట్లుండిన ఇతరులకు ఏమి చెప్పగలను? మీరు మీ కుమారుని సమాధి చేసిన మరునాడే పాడిన సంగతి ఆమెకు మీ చేతితో వ్రాయండి. మీరు చెప్పిన లేచును.

ఇట్లు,
పా. శ్యాంసన్

*

మార్కాపురం,
నవంబరు 8.

నా తల్లి కృపకు,

పాలు పడి ఉంటాయి. రొమ్ములు రాయిలా గట్టిపడి, జ్వరం వచ్చినట్టు ఉంటుంది. భయపడకు. పిండేయకు, పిండితే ఇంకా వస్తాయి. మల్లెపూలు కడితే పాలు వెనక్కి పోతాయి. ఈ కాలంలో మల్లెలు అంతగా రావు, పూలకొట్లన్నీ తిరిగితే ఈ కాసిని దొరికాయి. కరీముల్లా తడిగుడ్డలో చుట్టి తెస్తాడు. గుడ్డ పరిచి పూలు పెట్టి బిగించి కట్టుకో. వాడిపోతే మార్చు. జ్వరం తగ్గకపోతే డాక్టరు దగ్గరికి పో.

గంజి తాగు. పడుకో. గుడికి పోవాలని ఎవరన్నా అంటే నేను వద్దన్నానని చెప్పు.

నీ భర్త నన్ను ఒకటి రాయమన్నాడు. అది ఇప్పుడు రాయను.

సౌభాగ్యమ్మ

*

గుండ్లమిట్ట,
డిసెంబరు 3.

అమ్మగారికి,

పూలు కట్టుకున్నాను. పాలు పోయాయి.

మీరు అడగలేదు. అయినా చెబుతాను, ఎవరికో ఒకరికి చెప్పకపోతే పిచ్చెక్కేట్టు ఉంది. మీ గదికి వస్తానని అడిగాను. "మన గడపకు దేవుడే కాపలా, ఊరు మార్చడమెందుకు" అన్నారు ఈయన. నేనూ సరే అన్నాను, నమ్మాను కాబట్టే అన్నాను. ఆ రోజు పొద్దున నొప్పులు మొదలయ్యాయి. ఈయన తల మీద చెయ్యి పెట్టి ప్రార్థిస్తూ కూర్చున్నారు. మార్తమ్మత్త ఊరుకోలేక కరీముల్లా అన్నకు ఫోన్ చేసింది. ఆయన దుకాణం మూసేసి ఎవరిదో కారు తెచ్చాడు. మార్కాపురం చేరేసరికి బిడ్డ కదలడం ఆగిపోయింది. పేగు మెడకు చుట్టుకుందట. ముందే వచ్చి ఉంటే బతికేవాడా అని డాక్టరమ్మను అడిగాను. "చెప్పలేమమ్మా" అంది.

వాడికి తలనిండా జుట్టు. మీ చీర గుడ్డలోనే చుట్టారు.

నన్ను ఆస్పత్రిలోనే ఉంచి ఈయన వాడిని ఊరికి తీసుకొచ్చారు. మీకు కబురు చేస్తానన్న కరీముల్లా అన్నను నేనే వద్దన్నాను. తర్వాత ఏం జరిగిందో మార్తమ్మత్త చెప్పింది. గుడిలో బల్ల మీద పడుకోబెట్టి, "ఈ బిడ్డ లేస్తాడు, నమ్మండి" అన్నారట. పొద్దుగూకే దాకా అందరూ మోకాళ్ళ మీద ఉన్నారట. ఈయన గొంతు పోయేదాకా పిలిచారట. చివరికి గంగయ్య మామే లేచి, "సామీ, బిడ్డకు చీమలు పడతాండాయి, ఇంక ఇయ్యండి" అని చేతుల్లోకి తీసుకున్నాడట. ఏబేలు పక్కనే పెట్టారు.

ఇంటికి వచ్చినప్పటి నుంచి అందరూ ఒకటే మాట. "సౌభాగ్యమ్మ అమ్మగారు పాడినాది. నువ్వు కనీసం లేచి కూచో." అమ్మగారూ, మీ పాట నా మెడకు ఉరి అయింది. అంత ధైర్యం మీకు ఉంటే మీ దగ్గరే పెట్టుకోవాల్సింది. దాన్ని ఈ ఊళ్ళో ఎందుకు వదిలిపెట్టి పోయారు?

మేం ఏం తక్కువ చేశాం దేవుడికి? టౌనులో మంచి ఉద్యోగం వస్తే వదులుకుని ఈయన సేవకు వచ్చారు. ఉపవాసాలు ఉన్నాం. దశమభాగం ఇచ్చాం. ఈ రాళ్ళ మిట్టకు పొమ్మంటే వచ్చాం. ఇంత చేస్తే మాకిచ్చేది ఇదా?

ఈయన కూడా ఇప్పుడు లేరు. రెండు ఆదివారాలు ప్రసంగానికి నిలబడి మాట రాక కూర్చున్నారు. మొన్న బ్యాగు సర్దుకుని కనిగిరి వెళ్ళిపోయారు. నన్ను రమ్మనలేదు. వాడిని వదిలిపెట్టి నేను పోను కూడా.

మీరు జవాబు రాయకపోయినా ఏమీ అనుకోను.

కృపారాణి

*

మార్కాపురం,
డిసెంబరు 12.

నా తల్లీ,

నేను పాడలేదు.

ఏబేలుకు మెదడుకు జ్వరం పట్టింది. కర్నూలు తీసుకుపోయాం, తెచ్చుకున్నాం. శనివారం పూడ్చాం. ఆదివారం రాజరత్నం అయ్యగారు స్నానం చేసి తెల్లబట్టలు కట్టుకున్నారు. ఆయన వెళ్తుంటే నేను ఒక్కదాన్నే ఆ ఇంట్లో ఉండలేక వెనకే వెళ్ళాను. పాట సమయం వచ్చింది. ఎప్పుడూ నేనే ఎత్తాలి కాబట్టి అలవాటుగా లేచి నిలబడ్డాను, నోరు తెరిచాను. ఏడుపు వచ్చింది. ఏడుపని కూడా అనలేను, పొలంలో గొడ్డు అరిచినట్టు అరిచాను. ఎంతసేపో నాకు తెలియదు. తర్వాత ఏం జరిగిందో కూడా గుర్తు లేదు. కొన్నాళ్ళకు ఎవరో "అమ్మగారు ఆ రోజు పాడినారు" అన్నారు. నేను ఏమీ అనలేదు. మాట్లాడే ఓపిక ఉండేది కాదు. అదే ఊళ్ళో నిలిచిపోయింది. నీ మెడకు చుట్టుకుంటుందని ఎరగను తల్లీ.

నువ్వు రాసినవన్నీ నేనూ అన్నాను, ఏండ్ల తరబడి అన్నాను. బయటికి సేవ చేశాను, జబ్బు చేసినవాళ్ళ ఇళ్ళకు పోయి ప్రార్థించాను. లోపల మాత్రం దేవుడితో తగువే. కొడుకును తీసుకున్నావు, అయ్యగారి ఆయుష్షన్నా ఇవ్వు అనేదాన్ని. అయ్యగారు పోయాక, ఇద్దరినీ తీసుకున్నావు, నీడన్నా ఇవ్వు అన్నాను. అప్పుపడ్డ మనిషి ఇంటి ముందు కూర్చున్నట్టు ఆయన ముందు కూర్చునేదాన్ని. ఆయన ఎట్లా ఉన్నాడని ఒక్కరోజూ తలెత్తి చూడలేదు.

ఇక్కడికి వచ్చాక ఒక ఆదివారం ఊళ్ళో పెద్ద గుడికి పోయాను. వెనక బెంచీ మీద కూర్చున్నాను. అమ్మగారూ అని పిలిచేవాళ్ళు లేరు, జరిగి చోటిచ్చేవాళ్ళు లేరు. పాట వినపడదు, ప్రసంగం వినపడదు. పాస్టరు నోరు కదలడం, పైన ఫ్యాన్లు తిరగడం, అంతే. నాకు అడగడానికి కూడా ఏమీ మిగల్లేదు. కొడుకు లేడు, భర్త లేడు, ఇల్లు లేదు. లేచి వచ్చేద్దామనిపించింది. ఇక్కడ కూర్చుంటే నాకేం వస్తుంది అనుకున్నాను. ఏమీ రాదు. అయినా లేవలేదు. మరి ఎవరి కోసం కూర్చున్నావే సౌభాగ్యమ్మా అని నన్ను నేనే అడిగాను. ఆయన కోసం. అంత సేవ చేసినదాన్ని, ఆయన కోసమని గుడిలో కూర్చోవడం అదే మొదలు. ముందు బెంచీ అమ్మాయి వెనక్కి తిరిగి నా చెయ్యి పట్టుకుంది. అప్పుడు తెలిసింది, నేను గట్టిగా ఏడుస్తున్నానని.

దానితో నేను మారిపోయానని అనుకోకు. మొన్న ఏబేలు ఈడు పిల్లవాడు సైకిల్ మీద చేతులు వదిలేసి పోతుంటే చూసి, సాయంత్రం దాకా ప్రార్థన చేయలేదు. దేవుడు కావాలా, ఆయన చేతిలోది కావాలా అని ఆ రోజుల్లో నన్ను ఎవరైనా అడిగి ఉంటే, నా బిడ్డే కావాలనేదాన్ని. నువ్వూ అదే అను. దాచిపెట్టి వేరే మాట చెబితే ఆయనకు తెలియదా?

నీకు ఉపదేశం చేయను. పాడొద్దు. నేను పాడలేదని వాళ్ళకు చెప్పాలనిపిస్తే చెప్పు. నాకు సిగ్గు లేదు.

సౌభాగ్యమ్మ

*

గుండ్లమిట్ట,
జనవరి 9.

అమ్మగారికి వందనాలు.

మీ ఉత్తరం రైకలో పెట్టుకుని తిరిగాను. మీ మీద అంత కఠినంగా రాసినందుకు క్షమించండి.

క్రిస్మస్‌కు ఈయన రాలేదు. గుడికి రంగు కాగితాలు కూడా కట్టలేదు. కొత్త సంవత్సరం తొలి ఆదివారం పొద్దున అలవాటు ప్రకారం జనం వచ్చారు. గుడి తాళం నా దగ్గరే ఉంది. ఎవరూ నా తలుపు కొట్టలేదు. కేకేయలేదు. గుడి గోడ నీడలో చాపలు వేసుకుని కూర్చున్నారు. కిటికీలోంచి చూశాను, పోతారేమోనని. పోలేదు. చివరికి నేనే తాళంచెవి తీసుకుని వెళ్ళాను.

లోపల ఆడవాళ్ళ మధ్య కూర్చున్నాను. ఆ బల్ల వైపు చూడలేకపోయాను. ఎవరో "పాట ఎత్తమ్మా" అన్నారు. లేచి నిలబడ్డాను. "నేను పాడలేను. సౌభాగ్యమ్మ అమ్మగారు కూడా ఆ రోజు పాడలేదు. ఆమె ఏడ్చినాది. ఆమే నాకు రాసినాది" అన్నాను.

అప్పుడు మార్తమ్మత్త మోకాళ్ళు పట్టుకుని లేచింది.

"మాకు తెలుసు బిడ్డా" అంది. "ఆ పొద్దు నేను ఆయమ్మ పక్కనే ఉన్నా. గుండె పగిలి అరస్తా ఉండాది. ఆ అరుపు ఒక్కటే గుళ్ళో మోగతా ఉంటే తట్టుకోలేక నేనొక పాట ఎత్తినా. మా ఆయన ఇంకో పాట ఎత్తినాడు. మొగోళ్ళదొకటి, ఆడోళ్ళదొకటి, ఎవరికి ఏది నోటికొస్తే అది. రాగం లేదు, తాళం లేదు. ఆయమ్మ అలిసిపోయి కూలబడే దాకా పాడతానే ఉన్యాం. బయట రోడ్డు మీద పోయేటోళ్ళు ఇని, అమ్మగారు పాడినాది అన్నారు. ఆయమ్మ అరిసిందని చెప్పడానికి మాకు నోరు రాలేదు."

"మరి నాతో ఎందుకు అట్లా అన్నారు అత్తా?"

"అట్లన్నా లేచి ఇంత తింటావని. తప్పయిపోయినాది తల్లీ. మా చేతకానితనం."

అక్కడే కూర్చుని ఏడ్చాను అమ్మగారూ. వాడు పోయాక నోరు తెరిచి ఏడవడం అదే మొదలు. అప్పుడు వాళ్ళు పాడారు. మీకు పాడినట్టే, ఎవరికి తోచింది వాళ్ళు. గంగయ్య మామకు చరణాలు గుర్తు లేక పల్లవే మళ్ళీ మళ్ళీ పాడాడు.

ఆ రోజు ప్రసంగం లేదు, కానుకలు పట్టలేదు. అంతా అయ్యాక మార్తమ్మత్త అన్నం తెచ్చి కలిపి పెట్టింది. తిన్నాను.

ఈయన ఫోన్ ఎత్తడం లేదు. మామగారు మాత్రం "పడుకున్నాడమ్మా" అంటారు, ఎప్పుడు చేసినా.

కృప

*

మార్కాపురం,
జనవరి 17.

నా తల్లీ,

నాకు ఆ రోజు చెవులు బాగానే ఉండేవి. గుడి అంతా నన్ను పట్టుకుని పాడితే, నాకు ఒక్క పాటా వినపడలేదు. ఆ రోజు ఆ గుడిలో దేవుడు లేడని ఇన్నేళ్ళూ అనుకున్నాను.

కళ్ళు మసకగా ఉన్నాయి, ఎక్కువ రాయలేను. మార్తమ్మకు నా వందనాలు చెప్పు. అంతకంటే పెద్ద మాట నాకు రాదు.

నీ భర్తకు కనిగిరికి ఒక కార్డు రాశాను. బోధ ఏమీ చేయలేదు. ఊరికి తిరిగి పోయేటప్పుడు మార్కాపురంలో దిగి, నా గదిలో అన్నం తిని పొమ్మన్నాను.

సౌభాగ్యమ్మ

*

గుండ్లమిట్ట,
మార్చి 11.

అమ్మగారికి వందనాలు.

ఈయన మీ దగ్గర అన్నం తిని, శనివారం సాయంత్రం బస్సుకు ఇల్లు చేరారు. మనిషి సగమయ్యారు. ఇంట్లోకి రాకుండా ముందు గుడి వెనక్కి వెళ్ళారు. చాలాసేపటి దాకా రాకపోతే నేనే వెళ్ళాను. మన ఇద్దరి బిడ్డల మధ్య మట్టిలో కూర్చుని ఉన్నారు.

"అమ్మగారు నన్ను ఏమీ అనలేదు కృపా" అన్నారు. "మామిడికాయ పప్పు వడ్డించి, ఎదురుగా కూర్చుని నేను తింటా ఉంటే చూసినాది, అంతే. నేనే అన్నీ చెప్పినా. ఆమెకు ఒక్క ముక్క వినపడదని తెలిసే చెప్పినా."

తర్వాత నాతో కూడా చెప్పారు. "ఆ రోజు గుళ్ళో నేను దేవుణ్ణి పిలవలేదు. నా మాట నెగ్గాలని పిలిచినా. బిడ్డ లేస్తే ఈ జిల్లా అంతా నా గుడికి వస్తాదని ఒక పక్కన అనుకుంటానే ఉన్నా. బిడ్డ కదలడం లేదన్నప్పుడే, చచ్చిపోయి ఉంటే నేను లేపొచ్చని కూడా అనుకున్నా కృపా. నిన్ను అమ్మగారి దగ్గరికి పంపకుండా ఆపింది కూడా దేవుడు కాదు, నేనే."

క్షమించానని నేను అనలేదు. ఇంకా క్షమించలేదు అమ్మగారూ, మీకు అబద్ధం రాయను. చెయ్యి పట్టుకుని లేపి ఇంట్లోకి తీసుకొచ్చాను. నీళ్ళు పెట్టాను.

తనను సేవ నుంచి తప్పించమని పెద్దలకు చెప్పుకున్నారు. ఇంకొకరు వచ్చే దాకా ఉండమన్నారు. ఎవరు వస్తారో, మేం ఎక్కడికి పోతామో తెలియదు. ఇక్కడి నుంచి పోవాల్సి వస్తే వాడిని వదిలి పోవాలి. మీరు ఎట్లా పోయారో ఇప్పుడు తెలుస్తోంది.

నిన్నటి ఆదివారం ఈయన ప్రసంగానికి నిలబడలేదు. మగవాళ్ళ వైపు, వెనక, గోడకు ఆనుకుని చాప మీద కూర్చున్నారు. గంగయ్య మామే ముందు నిలబడి, "మనవులుంటే చెప్పండి" అన్నాడు. ఒకరు వాన అన్నారు, ఒకరు బోరులో నీళ్ళు దిగిపోయినాయి అన్నారు, ఒకామె కూతురి పది పరీక్షలు అంది. గంగయ్య మామ అన్నీ విని నా వైపు తిరిగాడు.

"అమ్మగారూ, మీదేంది?"

అందరూ నన్నే చూశారు. ఏం అడుగుతానో వాళ్ళకు తెలుసు. మార్తమ్మత్త అప్పుడే కళ్ళు ఒత్తుకుంటోంది. బిడ్డ వద్దని కాదు అమ్మగారూ. కావాలి. రాత్రీ పగలూ కావాలి. ఆ మాట ఆయనకు తెలియనిది కాదు. కానీ ఆ పూట అది నా నోటి దాకా రాలేదు.

"నాకేమీ లేదు మామా" అన్నాను. "ఊరికే వచ్చినాను. ఆయన ఉన్నాడని వచ్చినాను."

గంగయ్య మామకు ఏమని ప్రార్థించాలో తోచలేదు. కళ్ళు మూసుకుని, చేతులు కట్టుకుని అట్లాగే నిలబడ్డాడు. బయట ఎండలో మేకలు పోతున్న చప్పుడు వినపడింది. వెనక గోడ దగ్గర ఈయన తల వంచుకుని ఉన్నారు, భుజాలు కదులుతున్నాయి. చాలాసేపు అందరం ఏమీ అడగకుండా కూర్చున్నాం.

తర్వాత గంగయ్య మామ ఆమెన్ అన్నాడు.

కృప